నలిపితేనే పేరు చెప్పే ఆకు

ఒకప్పుడు, అది విరోధి నామ సంవత్సరమో, ఆ మరుసటి వికృతో గానీ, శ్రావణ మాసం, ముసురు పట్టిన రోజులు. అప్పట్లో ఏ ఆకుకూ వాసన ఉండేది కాదు. పైగా మొక్కలన్నీ ఒకే పోలిక. తులసి, ఉమ్మెత్త, వాము, కొత్తిమీర, అన్నిటినీ బ్రహ్మ ఒకే అచ్చులో తీసి పడేశాడు. ఆ పూట ఆయనకు నిద్ర ముంచుకొచ్చిందట. పూత పూస్తేగాని ఏది ఏదో తెలిసేది కాదు. మాటలొచ్చినా, ఆ మొక్కలకే తమ పేరు తెలియదు.

పైడమ్మ అనే ఆవిడ పెరట్లో మొక్కలు పెంచేది. కిందటేడు తెలియక ఉమ్మెత్త ఆకు పప్పులో వేసింది. అది తిన్న మొగుడు సింహాద్రి రోజంతా గేదెను "వదినా, వదినా" అంటూ దాని వెనకే తిరిగాడు. గేదె కూడా సిగ్గుపడింది.

అందుకే ఈసారి పైడమ్మ విత్తనం వేస్తూనే ప్రతి మడికీ గుర్తు పెట్టింది. తాటాకు ముక్కల మీద బొమ్మలు గీసి గుచ్చింది. మేక వచ్చి నమిలేసింది.

"ఏటే, సదువుకుంటన్నావా?" అంది పైడమ్మ కర్ర ఎత్తి.

"బాగానే ఉంది గానీ, కాస్త ఉప్పు తగ్గింది" అంది మేక.

కుండపెంకుల మీద బొగ్గుతో గీసింది. వాన కడిగేసింది.

"నీ మొహం మండా! ఎందుకు చెరిపావు?"

"మసి పట్టి ఉంటే కడిగాను. మంచి చేసినా తిట్లేనా?" అంది వాన.

వెదురు బద్దల మీద కత్తితో గాట్లు పెట్టింది. చెదలు పట్టాయి. ఎంత తిట్టినా అవి పలకలేదు. నోటినిండా వెదురే మరి.

ఇంతలో మనవరాలు నీలికి దగ్గు పట్టుకుంది. పసిది, ఊపిరి తిరగడం లేదు. తులసి రసం పొయ్యాలి. పెరట్లో రెండు మొక్కలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తులసి, ఒకటి ఉమ్మెత్త. పొరపాటున ఉమ్మెత్త పోస్తే పిల్ల దక్కదు.

ఆ రోజుల్లో బ్రహ్మ తాను చేసిన వాటిని చూసి మురిసిపోవడానికి ఊళ్లు తిరిగేవాడు. గట్టు మీద వెళుతుంటే పైడమ్మ ఉరికి గడ్డం పట్టుకుంది.

"మా నుదుట రాయడానికి తీరిక ఉంది. ఈ మొక్కల మీద పేరు రాయడానికి లేదా?"

"వీటికి నుదురేదీ?" అంది బ్రహ్మ మొదటి నోరు. "సిరా అయిపోయింది" అంది రెండోది. "రాసినా మేక తింటుంది" అంది మూడోది. నాలుగోది ఆవులించింది.

"అయితే పైన రాయకు. గుర్తేదో లోపల పెట్టు" అంది పైడమ్మ.

బ్రహ్మ తల గోక్కున్నాడు. ఏ తల గోక్కోవాలో తేల్చుకోవడానికే కాసేపు పట్టింది. తర్వాత పెరట్లోకి వచ్చి ఒక్కో ఆకులో ఒక్కో వాసన నింపాడు. ఉమ్మెత్త దగ్గరికి వచ్చేసరికి విసుగు పుట్టి, కంపు నింపాడు.

"నాకే ఎందుకీ కంపు?" అంది ఉమ్మెత్త.

"సింహాద్రినడుగు, చెబుతాడు" అంది పైడమ్మ.

కానీ వాసనలన్నీ గాలిలో కలిసిపోయి పెరడంతా ఒకటే గందరగోళం. ఏ వాసన ఏ మొక్కదో తేలలేదు. బ్రహ్మ చిరాకుపడి వాసనలను ఆకుల లోపలే మూసేశాడు.

"ఇక ఆకును నలిపితేనే బయటికొస్తుంది" అన్నాడు.

"నలిపితే నా ఆకు పోతుంది కదా?" అంది తులసి.

"పోతుంది."

ఇంట్లోంచి నీలి దగ్గు వినిపించింది. తులసి కాసేపు విన్నది.

"నన్నే ముందు నలుపు, పైడమ్మా."

పైడమ్మ ఒక ఆకు తుంచి నలిపింది. వాసన ఘాటుగా తులసి పేరు చెప్పింది. గుప్పెడు కోసి, రసం పిండి, పిల్లకు పోసింది. తెల్లారేసరికి నీలి ఊపిరి తేలికపడింది.

అప్పటినుంచే ఆకును నలిపితే అది ఏ మొక్కదో వాసన చెబుతుంది. వానకు చెరగదు, చెదకు చిక్కదు, పైసా ఖర్చు లేదు. నలిగిన ఆకు మాత్రం మళ్లీ కొమ్మకు అతకదు.