ముత్యాలమ్మ తాడు

అనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక ఊరు. ఊ కొట్టాలి మరి, నువ్వు ఊ కొట్టకపోతే నా కథ కదలదు. ఆ ఊరి చివరింట్లో నూకరత్నం అని నీ అంత పిల్ల ఉండేది. తల్లి లేదు దానికి. ఉన్నదల్లా నాన్న అబ్బులు ఒక్కడే.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. గోదారికి ఎర్రనీళ్ళు రాకముందే ఇంటికో బారెడు తాడు కొబ్బరిపీచుతో పేనాలి. గుర్తుగా దానికో గుడ్డపేలిక కట్టాలి. "తల్లీ, పేనేది మేము, పట్టుకునేది నువ్వు" అని దణ్ణం పెట్టి ముత్యాలమ్మ గుళ్ళో ఇవ్వాలి. అప్పుడు గుడి చూసుకునే సూరమ్మ మామ్మ అవన్నీ వరసగా ముడేసి, పెద్ద తాడు చేసి అమ్మవారి పాదాల దగ్గర చుట్టపెట్టేది.

ఆ ఏడు అబ్బులు ఆ పని రత్నానికి అప్పజెప్పాడు. అది అరుగు మీద కూచుని పేనుతోంది. ఇంతలో పిల్లలొచ్చి, తాటిముంజలు కొడుతున్నారు రమ్మని కేకేశారు. ఇంకేముంది, చెయ్యి ఇక్కడ, మనసు అక్కడ. గబగబా నాలుగు మెలికలు తిప్పి, అమ్మ పాత చీరలోంచి ఆకుపచ్చ పేలిక చింపి కట్టేసింది. "ముత్యాలమ్మేమన్నా లాగి చూస్తుందా ఏంటి" అనుకుంది. పాపం, చిన్నపిల్లే కదా!

ఆ తర్వాత శ్రావణంలో వరదొచ్చింది. మొదటిరోజు రేవు మెట్లు మునిగాయి. రెండోరోజు అరటితోటలు మునిగాయి. మూడోరోజు పొద్దున్నే రత్నం వాళ్ళ గడప దాటి నీళ్ళు లోపలికొచ్చాయి.

అప్పుడు అబ్బులు తన దోనె తీశాడు. ముందు పిల్లల్ని గుడి ఉన్న ఎత్తు దిబ్బ మీదికి చేర్చాడు. ఆ తర్వాత ముసలివాళ్ళని చేర్చాడు. మూడోసారి, ఎవరన్నా మిగిలారేమో చూసొస్తానని ఒక్కడే వెళ్ళాడు. తిరిగొస్తుంటే దోనె నడిపే గెడ విరిగింది, దోనె కొట్టుకుపోయింది. అబ్బులు నీళ్ళ మధ్యన ఒక తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు. దిబ్బ మీంచి రత్నానికి నాన్న తలకాయ కనిపిస్తోంది, అంతే. దానికి ఏడుపు కూడా రాలేదు, అంత భయమేసింది.

వెంటనే ముత్యాలమ్మ తాడు తెచ్చారు. ఒక కొస గుడి స్తంభానికి కట్టారు. రెండో కొసకి ఎండు కొబ్బరికాయ కట్టి విసిరారు. మొదటిసారి అందలేదు. రెండోసారి అబ్బులు వేళ్ళకి తగిలి జారిపోయింది. మూడోసారి విసరబోతుంటే రత్నం చూసింది. కొబ్బరికాయ దగ్గర ఆకుపచ్చ పేలిక! వాళ్ళది చివరిల్లు కదా, వాళ్ళ తాడే చిట్టచివర ఉంది. నాన్న పట్టుకోబోయేది అదే.

చెబితే ఊరంతా తిడుతుంది. చెప్పకపోతే నాన్న ఏమవుతాడో!

"మామ్మా, ఆ కొస వద్దే! నేను సరిగ్గా పేనలేదే!" అని గొల్లుమంది.

సూరమ్మ మామ్మ తిట్టలేదు. "అది విప్పేస్తే తాడు అందదు. కొసలు మార్చండర్రా! అందరూ వచ్చి తాడు పట్టండి. స్తంభాన్ని నమ్మకండి" అంది.

"నాకు భయమేస్తోంది మామ్మా."

"వెయ్యనీ. భయపడుతూనే పట్టుకో."

అప్పుడు కొసలు మార్చి కట్టి మూడోసారి విసిరారు. అబ్బులు పట్టుకున్నాడు, నడుముకి చుట్టుకున్నాడు. ఇటు ముసలీ ముతకా, ఆడా మగా అందరూ తాడు పట్టారు. చివర్న రత్నం, దాని వెనకాల మామ్మ. తాడు బిగిసింది. స్తంభం దగ్గర ఆకుపచ్చ పేలిక పక్కన పీచు ఒక్కొక్క పోగే విడిపోయింది. ఫట్‌మని తెగింది.

తెగితే తెగింది. తాడు మాత్రం కదల్లేదు. అరచేతులు మండుతున్నా ఒక్కరూ వదల్లేదు. "పట్టుకునేది నువ్వు, పట్టుకునేది నువ్వు" అంటూ లాగారు. లాగి లాగి అబ్బుల్ని దిబ్బ మీదికి చేర్చారు. రత్నం వెళ్ళి నాన్న మెడ కరుచుకుపోయింది. ఇప్పుడొచ్చింది దానికి ఏడుపు.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక మెల్లిగా అడిగింది. "మామ్మా, పట్టుకునేది అమ్మవారు అని దణ్ణం పెడతాం. మరి మనమే పట్టుకున్నాం కదా?"

మామ్మ దాని అరచెయ్యి తిప్పి చూసింది. ఎర్రగా కమిలిపోయి ఉంది. కొంగుతో తుడిచి, "ఆవిడికి మరి ఎన్ని చేతులనుకున్నావే పిచ్చిపిల్లా?" అంది.

మరుసటేడు కూడా ముంజలొచ్చాయి. పిల్లలు కేకేశారు. రత్నం మాత్రం తాడు పూర్తయ్యాకే లేచింది.

అదుగో, బయట గాలి మొదలైంది. భయమేస్తోందా? వెయ్యనీ. నా కొంగు పట్టుకుని పడుకో, నిన్ను నేను పట్టుకుంటాను, మనిద్దర్నీ ఆ తల్లి పట్టుకుంటుంది.

కథ కంచికి, తాడు గుడికి,
నాన్న ఇంటికి, నిద్ర నీ కంటికి.