గోరంత ఎంచుకున్న ఎడిటర్

అనగనగా, పిల్లలూ, కంప్యూటర్లు కూడా ఉన్న ఒక అడవిలో ఒక వాగు పారేది. దాన్ని దాటడానికి రెండు రేవులు ఉండేవి. ఒకటి ఎగువ రేవు, ఇంకొకటి దిగువ రేవు. వానాకాలంలో ఏ రేవు ఎప్పుడు ముంచుతుందో ఎవరికీ తెలిసేది కాదు.

అందుకని గోరంత అనే ఉడుత ఒక వెబ్‌సైటు పెట్టింది. రోజూ పొద్దున్నే వాగు చూసొచ్చి, ఏ రేవులో దిగవచ్చో, ఏ రేవులో దిగకూడదో అందులో రాసేది. జంతువులన్నీ అది చూసుకునే బయలుదేరేవి.

వెబ్‌సైటుకి కోడ్ రాయాలంటే ఎడిటర్ కావాలి. ఎడిటర్ అంటే, మీకు పలక ఎలాగో అలాగన్నమాట. గోరంత దగ్గరున్నది పాతబడిపోయింది. కొత్తదాని కోసం వెతకసాగింది.

నెమలి తన ఎడిటర్ చూపించింది. అబ్బ, ఎన్ని రంగులో! కానీ అది తెరవగానే గోరంత చిన్న కంప్యూటర్ కదలకుండా ఆగిపోయింది.

తాబేలు నిదానమ్మ తనది చూపించింది. ఆర్భాటం ఏమీ లేదు. తప్పు రాస్తే కింద ఎర్రగీత గీస్తుంది, అంతే.

"ప్రతి అక్షరం నేనే కొట్టాలా అత్తా?" అంది గోరంత.

"అవునే. రాసేది ఏమిటో నీకు తెలియాలిగా?" అంది నిదానమ్మ.

చివరికి గోరంత కొండముచ్చు జంగయ్య దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు రెండు మాటలు కొట్టు పిల్లా, మిగతాది ఇదే రాసేస్తుంది" అన్నాడు జంగయ్య. చూస్తుండగానే పేజీ నిండిపోయింది.

గోరంత నోరు తెరుచుకుని చూసింది. "మామా, నాకు ఇదే కావాలి!" అంది.

"సరే గాని, అది రాసింది ఒకసారి చదివి మరీ పెట్టవే" అని చెప్పింది వెంట వచ్చిన నిదానమ్మ.

నాలుగు రోజులు గోరంత చదివింది. ఒక్క తప్పూ లేదు. ఐదో రోజు నుంచి చదవడం మానేసింది.

ఒక పొద్దున వాగు పొంగింది. ఎగువ రేవులో నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. గోరంత ఇంటికి పరుగెత్తుకొచ్చి "ఎగువ రేవు" అని కొట్టింది. అన్ని రోజులూ ఆ రేవు బాగానే ఉంది కదా! ఎడిటర్ దాని పక్కన "దిగవచ్చు" అని రాసేసింది. గోరంత చూడలేదు. మీట నొక్కేసింది.

కాసేపటికి వాగు వైపు నుంచి ఒక కేక వినిపించింది. గోరంత ఉరికింది. గట్టు మీద జింక చుక్కమ్మ గొంతు చించుకుని అరుస్తోంది. నీళ్ళలో ఆమె పిల్ల తల ఒక్కటే కనిపిస్తోంది. అది కూడా మునిగిపోయింది.



ఇంతలో రెండు నీటికుక్కలు దూకి పిల్లను ఒడ్డుకి లాగాయి. పిల్ల బతికింది. ముందుకాలు మాత్రం విరిగింది.

"ఈ వరదలో ఎందుకు దిగారక్కా?" అంది గోరంత.

చుక్కమ్మ తెల్లబోయి చూసింది. "నువ్వేగా దిగవచ్చని రాశావు?"

"నేనా? నేను రాయలేదక్కా!"

ఇంటికెళ్ళి చూసింది. ఉంది. "ఎగువ రేవు దిగవచ్చు" అనే ఉంది.  గోరంత గబగబా దాన్ని "దిగకూడదు" అని మార్చి, జంగయ్య దగ్గరికి పరుగెత్తింది.

"మామా, నీ ఎడిటర్ ఎంత పని చేసిందో చూడు!" అని ఏడ్చింది.

జంగయ్య కూడా నిర్ఘాంతపోయాడు. "నేను దాంతో పొడుపుకథలు రాసుకుంటానే! తప్పు పడితే అందరం నవ్వుకుంటాం. నువ్వు రేవుల సంగతి చదవకుండా పెడతావని కలగన్నానా?"

 గోరంత ఆ రోజే నిదానమ్మ ఎడిటర్ పెట్టుకుంది. ప్రతి అక్షరం తనే కొట్టి, పైకి చదువుకుని మరీ పెట్టేది. కానీ ఎవరూ ఆ పేజీ చూడలేదు. జంతువులు కర్రలతో లోతు చూసుకుంటూ భయంభయంగా దాటేవి.

నెల తర్వాత ఒకరోజు చుక్కమ్మ కుంటుతున్న పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఈ రోజు ఏ రేవులో దిగమంటావే?" అని అడిగింది.

గోరంత నివ్వెరపోయింది. పేజీలో రాసి ఉన్నది చెప్పబోయి ఆగింది. "ఒక్క నిమిషం ఉండక్కా, ఇంకోసారి చూసొస్తాను" అంటూ వాగు వైపు పరుగుతీసింది.

నీతి: పనిముట్టు ఎంత వేగంగా పనిచేస్తుందని కాదు, మన పనికి అది తగునా అని చూసి ఎంచుకోవాలి, అది చేసిన తప్పుకైనా జవాబు చెప్పవలసింది మనమే.