దేవుడి పిడికెడు

దుప్పటి కోసం కొట్టుకోవడం అయ్యిందా? కెజియా, నువ్వు గోడవైపు పడుకో. తిమ్మూ, నువ్వు నా పక్కకి రా. కాళ్ళు మాత్రం నా మీద వెయ్యకు నాయనా, నిన్న నువ్వు తన్నిన తన్నుకి నా నడుం ఇంకా పట్టేసే ఉంది. ప్రార్థన చేసుకున్నారుగా? సరే, ఊ కొట్టండి. ఊ కొట్టకపోతే కథ దారి తప్పిపోతుంది, తర్వాత నన్నడిగి లాభం లేదు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోట. కోటలో ఓ రాజు, కోట బయట పేటలో ఓ కోడలు. ఆ పేటలో అందరూ ప్రభువుని నమ్ముకున్నవాళ్ళే. మరి రాజు ఎవర్ని నమ్ముకున్నాడంటే, ఆయన గోంగూర పచ్చడిని నమ్ముకున్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. కోడలి పేరు సలోమి. ఆమె అత్తగారు హన్నమ్మ, ముసలావిడ, చూపు సరిగా ఆనదు. మొగుడు ఆశీర్వాదం పడవ మీద సరుకు తీసుకుపోయేవాడు, పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో కాలవకే తెలియాలి. వాళ్ళకి ఒక్కతే కూతురు, రాహేలు. ముద్దుముద్దుగా మాట్లాడే వయసు.

ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి.

సలోమి చెయ్యి చల్లని చెయ్యి. ఆవిడ కలిపితే పచ్చడి రుచి, ఆవిడ పోస్తే పసిపిల్ల ఏడవకుండా నీళ్ళు పోయించుకునేది, ఆవిడ పాట ఎత్తుకుంటే గుళ్ళో ఎవరికీ శ్రుతి తప్పేది కాదు. ఇంకేం, పిలుపులే పిలుపులు. పెళ్ళి పాటకి సలోమి, పురిటి నీళ్ళకి సలోమి, ఏడ్చే పిల్లకి సలోమి, ఎండే వడియానికి సలోమి, అలిగిన అత్తకి సలోమి, ఆదివారం విందుకి సలోమి. వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో నిలబడి ఒకటే మాట అనేవాళ్ళు. సలోమీ, ఒక్క నిమిషం వస్తావా? అని.

నువ్వు దయ్యం కథ చెప్పమన్నావుగా తిమ్మూ, ఇదిగో దయ్యం వచ్చింది. దాని పేరే ఒక్క నిమిషం. దానికి కోరలుండవు, కాళ్ళు వెనక్కి తిరిగి ఉండవు. తెలిసినవాళ్ళ గొంతుతో వస్తుంది, నవ్వుతూ వస్తుంది, పొద్దంతా మింగేసి మూతి తుడుచుకుని పోతుంది. ఎక్కడుందా? అదిగో, మీ అమ్మ ఫోను మోగుతోంది చూడు. స్త్రీల సమాజం వాళ్ళయ్యుంటారు. మీ నాన్న పాస్టరైన దగ్గర్నుంచీ మీ అమ్మ ఈ ఊరందరికీ అమ్మగారైపోయింది. నేనొచ్చి ఇన్నాళ్ళైంది, నా పక్కన కూర్చుని ఒక ముద్ద తిన్నది లేదు. సర్లే, పెద్దవాళ్ళ గోల మీకెందుకు. కథలోకి రండి.

సలోమి ఎవరికీ కాదని చెప్పేది కాదు. కాదంటే పాపం అనుకునేది. ప్రభువు తన దగ్గరికొచ్చినవాళ్ళని ఎవర్నైనా పొమ్మన్నాడా, నేనెలా అంటాను అనేది. మంచి మనసే. కానీ మంచి మనసుకి కూడా కాస్త కళ్ళుండాలి కదమ్మా.

మొదట్లో రాహేలు పొద్దుగూకేసరికి గుమ్మంలో కూర్చుని అమ్మ కోసం చూసేది. చేతిలో ఓ కొబ్బరాకు బూర. అమ్మ రాగానే ఊది చూపించాలని. అమ్మ వచ్చేది, పిల్ల బుగ్గ మీద ఓ ముద్దు పెట్టేది, ఇప్పుడే వస్తానమ్మా అని ఇంకో ఇంటికి పోయేది. బూర ఎండిపోయేది. మర్నాడు ఇంకో బూర, అదీ ఎండిపోయేది. తర్వాత తర్వాత పిల్ల గుమ్మంలో కూర్చోవడం మానేసింది. నానమ్మ దగ్గరే తినేది, నానమ్మ దగ్గరే పడుకునేది. సలోమి అది చూసి, పోనీలే, పిల్ల పేచీ పెట్టడం మానేసింది, బుద్ధిమంతురాలైంది అనుకుంది. పిల్లలు పేచీ మానేస్తే సంతోషించకూడదమ్మా. ఎందుకు మానేశారో చూడాలి.

ఒకరోజు ఏమైందీ, గుమ్మంలో పిలుపులకొచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. కంసాలి వీధి పెద్దావిడ ఉంది, పెళ్ళివారింటి పిల్ల ఉంది, ఇంకెవరో ఉన్నారు. సలోమి జడ ముడేసుకుంటూ ఒక్కొక్కరికే సమాధానం చెప్తోంది. అందరి వెనకా నడుముల మధ్య నుంచి ఓ చిన్న గొంతు వినిపించింది.

"సలోమీ, ఒక్క నిమిషం వస్తావా?"

ఎవరా అని చూస్తే రాహేలు. సొంత కూతురు. మోకాలు గీరుకుపోయి రక్తం కారుతోంది. ఏడవట్లేదు. వరసలో నిలబడి ఉంది, తన వంతు కోసం. అమ్మా అని పిలిస్తే ఈవిడ రాదు, సలోమీ అని పిలిచినవాళ్ళ దగ్గరికి పరిగెత్తుకుపోతుంది, అని ఆ పసిదానికి అర్థమైంది అన్నమాట.

ఊ కొట్టట్లేదేం? ఆ, కష్టంగానే ఉంటుంది. 

సలోమి పిల్లని ఎత్తుకోబోతే, పిల్ల జారి నానమ్మ దగ్గరికి పోయింది. సలోమి వంటింట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. హన్నమ్మ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. కోడలి వీపు నిమిరింది. సలోమే అంది, రేపట్నుంచి అందరి పనులూ అయ్యాక మిగిలిన పొద్దంతా పిల్లకే ఇస్తానత్తయ్యా అని.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ పేటలో ఓ పద్ధతి ఉంది, మా చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఉండేది. వంటకి బియ్యం కొలిచి చేటలో పోసుకుంటాం కదా, కడగబోయే ముందే ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్ళం. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ ముంతలన్నీ గుడికి పోయేవి, అక్కణ్ణుంచి దిక్కులేనివాళ్ళ పొయ్యి మీదికి పోయేవి. ఇంట్లో ఎంత కరువున్నా ఆ పిడికెడు తియ్యకుండా ఎసట్లో బియ్యం పడేవి కావు. ఒక్కసారి బియ్యం తడిశాయా, ఇక దేవుడి ముంతలోకి పనికిరావు. పులిసిపోతాయి.

హన్నమ్మ ఆ ముంత తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. పెట్టి అడిగింది, దేవుడి పిడికెడు ఎప్పుడు తీస్తావే అమ్మాయీ అని. ఎసరు మరిగే ముందు, బియ్యం కడగకముందు అంది సలోమి. అందరూ తిన్నాక తీస్తే ఏం మిగులుతుంది? అని మళ్ళీ అడిగింది. సలోమి తల వంచుకుని, అడుగున మాడు మిగులుతుందత్తయ్యా అంది.

మరి పొద్దులో దేవుడికీ, ఆయనిచ్చిన పిల్లకీ మాడు పెడతానంటావేం? అంది ముసలావిడ.

సలోమి ఊరుకుంటుందా? కోడలు కదా. ప్రభువు ఎవర్నీ కాదనలేదు కదత్తయ్యా అంది. అప్పుడు హన్నమ్మకి కోపమొచ్చింది. ఊరంతా ఆయన కోసం వెతుకుతుంటే ఆయన కొండెక్కి తండ్రితో మాట్లాడుకుంటూ కూర్చోలేదటే? పడవ ఊగిపోతుంటే తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోలేదటే? ఆయనే అలిసిపోయాడు, నువ్వు ఆయన కంటే పెద్దదానివా? అని దులిపేసింది. ఎవరు పిలిచినా మనసు కరగడం ప్రేమేనమ్మా, నేను వెళ్ళకపోతే ఊరు నిలవదు అనుకోవడం మాత్రం ప్రేమ కాదు, అదేమిటో నువ్వే ఆలోచించుకో అంది.

సలోమి ఆ రాత్రి ఆలోచించుకుంది. మర్నాడు పేటంతా తిరిగి అందరికీ చేతులు జోడించి చెప్పింది. దీపం పెట్టిన దగ్గర్నుంచి అన్నం ఉడికి వార్చేదాకా నేను రాలేను. అది దేవుడి పిడికెడు. మిగతా పొద్దులో కూడా చేతనైంది చేస్తాను, చేతకాంది చేతకాదని చెప్తాను, ఏమీ అనుకోకండి అని.

అనుకోకుండా ఉంటారా? అబ్బో, సలోమికి తలకెక్కింది అన్నారు. విశ్వాసం చల్లారిపోయింది అన్నారు. ఆ అన్నవాళ్ళే మూడో నాటికి ఎవరి వడియాలు వాళ్ళు పెట్టుకున్నారు. ఎండాయా? ఎండక ఏం చేస్తాయి, ఎండ సలోమిది కాదుగా.

అదిగో, మళ్ళీ ఫోను. మీ అమ్మ వరండాలోకి పోయింది. ఏం మాట్లాడుతోందో మనకెందుకు, వినకండి. వింటున్నారా? వినకండి అన్నానా.

దీపం పెట్టగానే సలోమి తలుపు దగ్గరగా వేసి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ముందు ఓ చిన్న ప్రార్థన. తర్వాత ఏమీ లేదు, ఊరికే కూర్చోవడం. మొదట్లో పిల్ల కట్టెలా కూర్చునేది. ఇంతలో లేచిపోతుంది కదా ఈవిడ అని తలుపు వంకే చూసేది. పిలిస్తే సలోమీ అనే పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా సలోమికి గుండెలో కలుక్కుమనేది, అయినా లేచేది కాదు. నమ్మకం ఒక పూటకి రాదమ్మా, పోవడం ఎలా కొంచెం కొంచెంగా పోయిందో రావడమూ అంతే.

ఒక సాయంత్రం పొరుగింటి కుర్రాణ్ణి తేలు కుట్టింది. తల్లి గోలగోలగా వచ్చి తలుపు కొట్టింది. సలోమి ఏం చేసిందంటారు? నా పిడికెడు అని కూర్చుందా? కూర్చోలేదు. పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది. మందు వేసి, కుర్రాడు తెప్పరిల్లాక వచ్చి, వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ కూర్చుంది. హన్నమ్మ మెచ్చుకుంది. ఆకలైనవాడు గుమ్మంలోకొస్తే దేవుడి ముంతలోంచి తీసిపెట్టినా దేవుడు కోప్పడడు అంది. ఆకలి వేరు, జిహ్వ వేరు, ఆ తేడా తెలిస్తే చాలు అంది.

జిహ్వంటే గుర్తొచ్చింది, మన రాజు. ఆయనకి సలోమి చేతి గోంగూర లేనిదే ముద్ద దిగదు. ఆ మర్నాడే సరిగ్గా దీపాల వేళకి గోంగూర మీద మనసు పోయింది. భటుణ్ణి పంపించాడు. రేపు పొద్దున్నే వచ్చి చేసిస్తానని దండం పెట్టి చెప్పమంది సలోమి. రాజుకి ఒళ్ళు మండింది. నన్ను రేపటిదాకా ఆగమనే మనిషి ఎవరో నేనే చూస్తాను, ఈ రాత్రికే ఊళ్ళోంచి వెళ్ళగొడతాను అని కిరీటం పెట్టుకోవడం కూడా మర్చిపోయి బయల్దేరాడు.

సలోమి లోపల ఉంది. అడుగుల చప్పుడు విన్నది, కత్తుల చప్పుడు విన్నది. వెళ్ళగొడితే ఎక్కడికి పోతాం, పడవ మీద పోయిన మనిషి తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు అనుకుంది. లేవబోయింది. అప్పుడు రాహేలు కొంగు గట్టిగా పట్టుకుంది.  సలోమి మళ్ళీ కూర్చుంది.

అరుగు మీద హన్నమ్మ ఉంది. ఎవరో మగమనిషి వచ్చినట్టు మసకమసకగా కనపడింది. కూర్చో నాయనా, లోపల దేవుడి పిడికెడు తీస్తున్నారు, అన్నం వార్చగానే వస్తుంది అంది. నేను రాజుని అన్నాడాయన. రాజువైతే పీట వేస్తాను, పిడికెడు మాత్రం ముట్టుకోనివ్వను నాయనా అంది ముసలావిడ. ఆయనకేం చెయ్యాలో తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికోసమూ కూర్చోలేదు కదా. భటులు చూస్తున్నారు. పీట వచ్చింది. కూర్చున్నాడు.

లోపల పిల్ల కొబ్బరాకు బూర ఊదుతోంది. పీ అంటోంది, తుస్సుమంటోంది, తల్లీ పిల్లా నవ్వుతున్నారు. రాజు వింటున్నాడు. విని విని తల వంచుకున్నాడు. ఆయనకీ ఓ కొడుకున్నాడు. వాడు నవ్వితే ఎలా ఉంటుందో గుర్తుచేసుకుందామంటే గుర్తు రాలేదు.

అప్పుడు లోపల్నుంచి పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, ఇంకోసారి ఊదనా?" అని. సలోమి పిల్లని గుండెలకి హత్తుకుని, ఊదు తల్లీ, ఊదు అంది.

అన్నం వార్చి తలుపు తీసేసరికి పీట ఖాళీగా ఉంది. రాజు ఎప్పుడు లేచాడో హన్నమ్మ చూడలేదు. గోంగూర రేపు పొద్దున చాలు, నేను ఇంటికి పోవాలి, పిల్లాడు పడుకుంటాడు అని భటులతో అన్నాడట, అంతే. ఆ తర్వాత ఆ కోట నుంచి దీపాల వేళ ఏ పిలుపూ రాలేదు. సలోమి పచ్చడి చేసింది, పాట పాడింది, పిల్లలకి నీళ్ళు పోసింది, ఎన్నాళ్ళో చల్లగా బతికింది. అందుకే అమ్మా, పొద్దు కూడా బియ్యం లాంటిదే. కడగకముందే తియ్యాలి పిడికెడు.

ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తట్లేదేమిటి?

తిమ్ము నిద్రపోయాడు. కెజియా, నువ్వు తల తిప్పకు, నా కాళ్ళ దగ్గర ఎవరో వచ్చి కూర్చున్నారు. చిన్నప్పుడూ అంతే, అలిసిపోతే అక్కడే వచ్చి కూర్చునేది. కాస్త జరుగు తల్లీ, మీ అమ్మకి చోటియ్యి. మోగితే మోగనీ, రేపు పొద్దున మాట్లాడుతుంది.

కథ కంచికి పోయింది. మనమెక్కడికీ పోనక్కర్లేదు, అందరం ఇంట్లోనే ఉన్నాం.