మూడో పిలుపు

పరంజ్యోతి గారిని ప్రశ్న అడిగినవాడు ముందు చెప్పులు వెతుక్కోవాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ జిల్లా ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్లుగా వైద్యం నేర్పుతున్న ఆ పెద్దమనిషి, కూర్చున్న చోటు నుంచి జవాబు చెప్పిన పాపాన పోలేదు. "పద, అలా తిరిగొద్దాం" అంటారు. ఆ తిరుగుడులో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్లకు వ్యాయామం. శిష్యులు ఆ అలవాటును చాటుగా వెక్కిరించేవారే గాని, ఆయన లేచి నిలబడితే వెంట నడవనివాడు మాత్రం లేడు.

ఆ ఏడాది ఆయన దగ్గర పెద్ద చదువు చదువుతున్న వాళ్లలో శశాంక చురుకైనవాడు. చురుకైనవాడు గనకే దిగులు కూడా అతన్నే ముందు పట్టుకుంది. ఆసుపత్రి రెండేళ్లలో గుర్తుపట్టలేనంత మారిపోయింది. చీటీలు రాసే గుమస్తా బల్ల దగ్గర ఇప్పుడొక తెర ఉంది. ఎవరు ఏ రోజు ఏ పరీక్షకు రావాలో కంప్యూటరే తేల్చి ఫోన్లకు కబురు పెడుతోంది. ఒక పొద్దున టీ తాగుతూ శశాంక ఉండబట్టలేక అడిగేశాడు.

"సార్, గంగరత్నం కేసు మీకు తెలుసు కదా. తలనొప్పి, చూపు మసక అని వస్తే ఇద్దరు డాక్టర్లం చూసి కళ్లజోడు రాసి పంపాం. అందులో నేనొకణ్ణి. తరవాత వాళ్ల జాలరిపల్లెలో నర్సు ఆవిడ కంటికి ఫోటో తీస్తే, నరం వాచింది, తలలో గడ్డ ఉండొచ్చు, వెంటనే పంపండి అని యంత్రం చెప్పింది. నాకు కనపడనిది దానికి కనపడింది. ఇంక నేను నేర్చుకోవలసింది ఏముంది సార్?"

పరంజ్యోతి గారు టీ చివరి గుక్క దాకా తాగారు. "ఆవిడ స్కానింగ్ ఎప్పుడు?" అన్నారు.

"ఇవాళే సార్, పదిన్నరకి. మూడో పిలుపు."

"పద."

మూడో పిలుపు అంటే చివరి పిలుపు. ఈ వారంలోనే రెండుసార్లు గంగరత్నం స్కానింగ్ గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి పోనని మొండికేసింది. రెండుసార్లూ టెక్నీషియన్ తెర మీద "నిరాకరించారు" అన్న గడి నొక్కాడు. ఇది మూడోసారి. ఇవాళ కూడా ఆ గడి నొక్కితే పేరు వరసలోంచి పోతుంది. మళ్లీ వంతు రావాలంటే నలభై రోజులు. గడ్డ ఎక్కడుందో, ఎంత ఉందో చూడకుండా ఆపరేషన్ చేసేవాడు ఎవడూ లేడు. ఎడమ కన్ను అప్పటికే చీకటి. కుడి కన్ను వారం వారం మసకబారుతోంది. నలభై రోజులు ఆగే కన్ను కాదది. శశాంకకు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే రెండుసార్లూ ఆవిడ మంచి కోరి కేకలేశాడు.

వీళ్లు వెళ్లేసరికి గంగరత్నం గది ముందు బల్ల మీద కూర్చుని ఉంది. ముప్ఫై దాటని మనిషి. పక్కన అత్త. టెక్నీషియన్ ఎదురొచ్చి, "మళ్లీ అదే వరస సార్. మెట్టెలు తీసింది, గాజులు తీసింది. పుస్తెల తాడు తీయమంటే గోడ వైపు తిరుగుతోంది. పది నిమిషాలు చూసి తరవాతి పేరు పిలవాలి. నొక్కెయ్యమంటారా?" అన్నాడు.

శశాంకకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఉన్న ఒక్క కన్నూ పోతుంది. నీకు కన్ను కావాలా, తాడు కావాలా?" అని అరిచాడు. ఆవిడ తాడును గుప్పిట్లో బిగించుకుని తలొంచుకుంది.

పరంజ్యోతి గారు వెళ్లి ఆ బల్ల మీదే, అత్తగారికి ఇవతల, ఒక పక్కగా కూర్చున్నారు. ఈ రోజుల్లో వలకు ఏం పడుతున్నాయని అడిగారు. కానాగంత చేపలు పడుతున్నాయని ముసలావిడ చెప్పింది. శశాంక చేతి గడియారం చూసుకున్నాడు.

"మీ అబ్బాయి రాలేదేమమ్మా?" అన్నారు ఆయన.

"ఏటకెల్లినాడు బావూ. పడవెక్కి ఎనిమిది రోజులైంది. ఆడు గట్టు సేరీదాకా దీని మెడ బోసిగుండకూడదు. నా మొగుడు సంద్రంలో ఉన్నన్నాళ్లూ నాను కూడా తీయనేదు."

"మరి ఈ మాట మా డాక్టరుబాబుతో ఎందుకు చెప్పలేదు?"

ఈసారి గంగరత్నమే తలెత్తింది. "ఆ బావు అడగనేదు. కన్ను కావాలా తాడు కావాలా అన్నాడు. రెండూ కావాలని ఎలా సెప్పీది?"

ఆ మాట శశాంకకు చెంపదెబ్బలా తగిలింది. పరంజ్యోతి గారు అతని వైపు తిరిగారు. నిందించడానికి కాదు, నిజంగానే తెలియక అడిగారు. "మాది చర్చిలో పెళ్లయ్యా. మా ఆవిడకి ఉంగరమే గాని తాడు లేదు. నాకీ సంగతులు తెలియవు. మీ అమ్మగారి తాడు కంసాలికి ఇవ్వాల్సొస్తే ఏం చేసేవారు?"

శశాంకకు గుర్తొచ్చింది. అమ్మ పుస్తెల గొలుసు తెగితే, అది బాగై వచ్చేదాకా నాలుగు రోజులు పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని తిరగడం అతను కళ్లారా చూశాడు. కొమ్ము చూసి నవ్వితే వీపు మీద ఒకటి వేసింది కూడా. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ ఉపాయాన్ని తన దగ్గరే ఉంచుకుని ఈ అమాయకురాలి మీద మూడుసార్లు అరిచాడు.

"పసుపు కొమ్ము కట్టుకుంటారు సార్" అన్నాడు, తనకే సరిగా వినపడనంత మెల్లగా.

"అదెరగమా బావూ? మెడలో ఏటీ ఉండగూడదన్నారు గదా. కొమ్ముంటే మిసనీ ఒప్పుతాదా?" అంది అత్త.

టెక్నీషియన్ బుర్ర గోక్కున్నాడు. తాను రోజూ వందసార్లు అనే మాట అదే: మెడలో ఏమీ ఉండకూడదు. "ఒట్టి దారం, పసుపు కొమ్మే కదా, లోహం కాదుగా. ఎందుకు ఒప్పదు?" అన్నాడు.

తరవాత శశాంక తెల్లకోటుతోనే పరుగెత్తాడు. క్యాంటీన్లో అడిగితే పసుపు పొడి ప్యాకెట్లు చూపించారు. కొమ్ములు కొనడం మానేసి ఏళ్లయిందట. గేటు దాటి, రోడ్డు దాటి, మూడో కిరాణా కొట్టులో కొమ్ము దొరికింది. ప్రవేశ పరీక్ష రాసిన రోజు కూడా అంత పరుగు పెట్టలేదతను. అత్త నూలు దారానికి పసుపు పూసి, కొమ్ము కట్టి, కోడలి మెడలో మూడు ముళ్లు వేసింది. ఆ ముళ్లు పడ్డాకే బంగారపు తాడు తీసి తన కొంగున ముడేసుకుంది. గంగరత్నం లేచి, ఎవరూ చెయ్యి పట్టకుండా లోపలికి నడిచింది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి గాని, టెక్నీషియన్ ఆ సంగతి ఎవరికీ గుర్తుచేయలేదు.

గడ్డ నిమ్మకాయంత ఉంది. పల్లెలోని యంత్రం అన్నది అక్షరాలా నిజం. వారం తిరక్కుండా ఆపరేషన్ అయింది. పోయిన ఎడమ కన్ను తిరిగి రాలేదు, కుడి కన్ను నిలిచింది. ఒడ్డుకు చేరిన మొగుడు మంచం పక్కన వచ్చి నిలబడితే, చొక్కాకు రెండో గుండీ ఊడిపోయిందని ఆవిడే చూసి చెప్పింది. అప్పుడక్కడే ఉన్న శశాంక కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేశాడు.

మర్నాడు అతను ఉత్సాహంగా గురువుగారి గదికి వచ్చాడు. "సార్, కంప్యూటరు వాళ్లతో మాట్లాడాను. 'నిరాకరించారు' పక్కనే కొత్తగా ఇంకో గడి పెడతారట, పుస్తెలు తీయడానికి అభ్యంతరం అని. అది నొక్కగానే పసుపు కొమ్ము సిద్ధం చెయ్యమని నర్సు ఫోనుకు కబురు వెళుతుంది. ఇంక ఎవరికీ వంతు తప్పదు."

"మంచి పని. పెట్టించు" అన్నారు పరంజ్యోతి గారు. "అలాగే ఆ గది ముందు ఒక కుర్చీ కూడా వేయించు."

"రోగులకు బల్ల ఉంది కదా సార్?"

"నీకయ్యా."