అక్కఒడి దుంగలగుడి

పూర్వం తూర్పు కనుమల నడుమ, మంచు దిగితే మధ్యాహ్నం దాకా వీడని ఒక కొండమీద, ఇటుకా సున్నమూ ఎరుగని దేవాలయం ఒకటి ఉండేది. నాలుగు గూడేల ప్రజలు మద్దిమానులను భుజాలమీద మోసుకొచ్చి, దుంగమీద దుంగ పేర్చి, గూడేనికొక మూల చొప్పున కట్టుకున్న కోవెల అది. అందులో వెలసిన కొండాలమ్మ బాలింతరాలు. శిలామూర్తియే అయినా ఆ తల్లి ఒడిలో అరచేయంత రాతిబిడ్డ నిద్రిస్తూ ఉండేది. బాలింతను ఒంటిగా వదలరాదు కనుక అహర్నిశలూ ఎవరో ఒకరు ఆమె సన్నిధిలో కూర్చోవడం అక్కడి ఆచారం.

ఆ కాలంలో ఆ సేవ సోమక్కది. ముగ్గురు బిడ్డలను కని, ముగ్గురినీ పురిటిలోనే పోగొట్టుకున్న వృద్ధురాలామె. తల్లిలేని తమ్ముడు మల్లోజును చంకనెత్తుకుని పెంచిందీ ఆమెయే. మల్లోజు పెద్దవాడై, పేరున్న వడ్రంగియై, తల నెరిసినా అక్క అంటే అతనికి ప్రాణం.

ఒక ఏడు వానలు విపరీతంగా కురిసి, అడుగు దుంగలు చివికి, గుడి పడమటికి ఒరిగింది. విప్పేసి రాతితో కట్టిద్దామని ఆ సీమనేలే రేడు సెలవిచ్చాడు. నిద్రపోయే బాలింతను ఇల్లు పీకి ఎండలో కూర్చోబెడతామా అని గూడేలవారు ససేమిరా అన్నారు. అప్పుడు మల్లోజు, తల్లికి మెలకువ రాకుండా గుడిని ఉన్నదున్నట్టు మూరెడు పైకెత్తి, చివికిన దుంగలు లాగి రాతి పునాది వేస్తానని మాట ఇచ్చాడు. మాట ఇచ్చాకగాని లోపల ఎవరు కూర్చుంటారన్నది అతనికి తట్టలేదు.

ఇంకెవరినైనా కూర్చోబెడదామని బతిమాలితే సోమక్క నవ్వింది. "నువ్వెత్తే ఇంట్లో కూర్చోడానికి నాకే భయమైతే, పరాయోళ్లని ఏ మొగం పెట్టుకుని కూర్చోమంటావురా?" అంది.

మార్గశిర మాసంలో పని మొదలైంది. నాలుగు మూలలా దుంగల కిందికి టేకు దూలాలు దూర్చి, రాయి ఆనిక పెట్టి, అవతలి కొసను నొక్కితే గుడి వడ్లగింజ మందం లేవాలి. లేచిన సందులో చెక్కపలక దోపి మళ్లీ నొక్కాలి. ఏర్పాటు బాగానే ఉంది గాని, మన భక్తి సంగతి తెలిసిందే కదా! ఏ గూడెం వారు కట్టిన మూల ఆ గూడెం వారే ఎత్తుతుండడంతో, తమ మూలే ముందు లేవాలనీ తల్లి తమనే ముందు చూడాలనీ నలుగురికీ తాపత్రయం పుట్టి, రెండో రోజుకే కోవెల తుఫానులో చిక్కిన పడవలా వంకరపోయింది. దుంగలు మూలిగాయి. లోపలినుంచి సోమక్క గొంతు మెల్లగా వినవచ్చింది. "తమ్ముడూ, తూరుపోళ్లని ఆగమనరా. బిడ్డ కదులుతున్నాడు."

మల్లోజు ఆనాడు పని ఆపించి ఆలోచించి, మర్నాడు గూడేలన్నిటినీ మూలలు మార్చాడు. తూర్పువారు పడమటివారి మూల, ఉత్తరంవారు దక్షిణంవారి మూల ఎత్తాలన్నాడు. పక్కవాడి మూల ఎత్తడంలో ఎవరికీ తొందర లేకపోయింది. చెప్పినంతే, గింజ మందమే, ఒక్క తీరున నొక్కారు. ఆ మంచులో గుడి లేస్తోందో కొండే దిగుతోందో తెలియకుండా మూరెడు పైకి వచ్చింది.

చివికిన దుంగలు లాగి, రాళ్లు పేరుస్తున్న వేళ తడినేల కుంగి పడమటి పలకల దొంతర ఒరిగిపోయింది. దూలాలు పట్టుకున్న వారి చేతుల్లో ఒక్కసారిగా బరువు లేకుండా పోయింది. మల్లోజు కళ్లు మూసుకుని "అక్కా" అన్నాడు. గుడి కూలలేదు. ఏ ఆధారమూ లేకుండా మంచులో అలాగే నిలిచి ఉంది. లోపల ఎవరో సన్నగా జోల పాడుతున్నారు. అది సోమక్క గొంతు కాదు. ఏడుస్తూనే మల్లోజు కడపటి రాయి పెట్టాడు. అప్పుడు ఆ ఇల్లు, పసివాడిని పక్కమీద దించినంత మెత్తగా పునాదిపై ఆనింది.

తలుపు తీసి చూస్తే కొండాలమ్మ ఒడి ఖాళీగా ఉంది. ఇల్లు గాలిలో నిలిపినంతసేపూ రెండు చేతులూ కావలసి వచ్చిన ఆ తల్లి, తన బిడ్డను సోమక్క చేతికిచ్చింది. రాతిబిడ్డ సోమక్క ఒడిలో ఉంది.

"మెల్లగా రారా," అంది సోమక్క కళ్లెత్తకుండా, "ఇప్పుడే పడుకున్నాడు."

తల్లి బిడ్డను తిరిగి అడగలేదు. మల్లోజూ అక్కను లేవమనలేదు. కాలక్రమాన సోమక్క కూర్చున్నచోటనే శిలారూపం దాల్చిందని పెద్దలు చెబుతారు. నేటికీ అక్కఒడి అని పిలిచే ఆ కొండమీది గుడిలో అమ్మవారి ఒడి ఖాళీగా ఉంటుంది, పక్కనున్న వంగిన చిన్న శిల ఒడిలో బిడ్డ దర్శనమిస్తాడు. మార్గశిరంలో జరిగే ఉత్సవానికి పసిబిడ్డలతో వచ్చిన తల్లులు ముందు అమ్మవారికి మొక్కరు. బిడ్డలు లేని ఆడవారు ఆ గుమ్మంలో వరుసగా కూర్చుని ఉంటారు. తల్లులు తమ బిడ్డలను వారి ఒడిలో పెట్టి, ఆ తరువాతే ఉత్త చేతులతో లోపలికి వెళతారు.