శిరోమణిగారు విన్న ఏనుగులు

గుమ్మడిదుర్గం రాజుగారికి ఒక ముచ్చట పుట్టిందంటే కొలువంతా హడలిపోవాల్సిందే. తన పుట్టినరోజు ఊరేగింపును గోడంత టీవీలో చూసుకోవాలి, ఏనుగులు ఘీంకరిస్తే సభామండపం అదిరిపోవాలి! వెంటనే టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచే హోమ్ థియేటర్ రిసీవర్, నాలుగు మూలలకీ నాలుగు స్పీకర్లు దిగాయి. ఆపైన ఒక ఆజ్ఞ కూడా దిగింది.

"ఈ నాదం వినబడని మొద్దుచెవులవాడు నా కొలువులో ఉండటానికి వీల్లేదు!"

బిగించే పని ఆస్థాన శబ్దశిరోమణి భుజంగరావుగారిది. ఆ బిరుదు ఎవరూ ఇచ్చింది కాదు, ఆయనే పుచ్చుకున్నది. రిసీవర్ తీగను టీవీ వెనక కంటబడ్డ మొదటి పోర్టులో గుచ్చి, చేతులు దులుపుకుని, శాలువా కప్పించుకుని కూర్చున్నారు.

తెర మీద ఏనుగులు వచ్చాయి. శబ్దం మాత్రం టీవీ కడుపులోంచే, జలుబు చేసిన గొంతులా సన్నగా వచ్చింది.

భుజంగరావు కళ్లు మూసుకున్నారు. "ఆహా! వెనక మూల నుంచి ఆ ఘీంకారం విన్నారా ప్రభూ?"

రాజుగారికి ఏమీ వినబడలేదు. కానీ తన ఆజ్ఞ తనకే గుర్తొచ్చి తల ఊపారు. రాజు ఊపాక సభ ఊరుకుంటుందా? సేనాపతి తనకు ఒళ్లు గగుర్పొడిచిందన్నాడు. పురోహితుడైతే ఏకంగా కళ్లు తుడుచుకున్నాడు.

విదూషకుడు ఎల్లంభట్టుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని తలకాయల్లో ఒక్కదానికీ చెవులు లేవా? సిగ్గు ఎలాగూ లేదు!

"నాకు టీవీ ఒక్కటే వినబడుతోంది ప్రభూ" అనేశాడు.

"మొద్దుచెవులు!" శిరోమణిగారు ఎగిరిపడ్డారు. "ఆజ్ఞ ప్రకారం ఇతణ్ని వెళ్లగొట్టండి!"

రాజుగారి మొహం ముడుచుకుంది. "నిరూపించు భట్టూ. లేదా మూటా ముల్లే సర్దుకో."

నిరూపించకపోతే కొలువు పోతుంది. నిరూపిస్తే రాజుగారి పరువు పోతుంది, దాంతోపాటు తన తలా పోవచ్చు. భట్టు క్షణం ఆలోచించి, లేని వినయం తెచ్చుకున్నాడు.

"దుమ్ము అడ్డుపడిందేమో, తుడిచి వస్తాను" అని టీవీ వెనక్కి దూరాడు. కాసేపటికి ఉత్తరీయం కింద చెయ్యి దాచుకుని బయటికొచ్చాడు. "శిరోమణిగారూ, ఇప్పుడెలా ఉంది?"

"అద్భుతం! గోడలు కంపిస్తున్నాయి. ఇప్పటికైనా నీ చెవిన పడిందా?"

భట్టు చెయ్యి బయటికి తీశాడు. చుట్టచుట్టిన తీగ అందరికీ కనబడింది.

"తమ గోడల్ని కంపింపజేస్తున్న తీగ ఇదే స్వామీ. రెండు కొసలూ నా చేతిలోనే ఉన్నాయి!"

భట్టు తీరిగ్గా వెనక్కి వెళ్లి, ఒక కొస రిసీవర్‌కు పెట్టి, రెండోది టీవీలోంచి శబ్దాన్ని బయటికి పంపే ఏఆర్‌సీ పోర్టులో గుచ్చాడు. నాలుగు మూలల నుంచీ ఏనుగులు ఒక్కసారిగా ఘీంకరించేసరికి శిరోమణిగారు ఆసనం మీంచి కిందపడ్డారు.

రాజుగారు నవ్వబోయి ఆగిపోయారు. "నేనూ తల ఊపానుగా భట్టూ?"

భట్టు చేతులు జోడించాడు.

"తమరు ఊపబట్టేగా ప్రభూ, ఈయన కోతలు ఎంతదాకా పోతాయో బయటపడింది! ఇంత గడుసు పరీక్ష పెట్టడం మా తరమా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. శిరోమణిగారి శాలువా లాగి భట్టుకు కప్పి, వేలి ఉంగరం కూడా తీసి ఇచ్చారు. ఇక ఆ సభలో, "నాకు మొదట్నుంచీ అనుమానమే" అని పక్కవాడి చెవిలో చెప్పనివాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.