తలుపు తట్టని ఊరిపెద్ద

అనగనగా ఒక అడవిలో, ఫోను సిగ్నలు బాగా అందే గుట్ట ఒకటి ఉండేది. అడవిలో ఫోన్లేమిటని అడక్కండి. మీ చేతుల్లోకి ఎలా వచ్చాయో వాటి చేతుల్లోకీ అలాగే వచ్చాయి. మధ్యలో ప్రశ్నలు వేస్తే కథ ఆపేస్తాను. ఊఁ కొట్టండి, చాలు.

ఆ గుట్ట మీదికి రోజూ పొద్దున్నే ఐదుగురు చేరేవారు. ముంగిస దుడుకయ్య, ఉడుత చారలమ్మ, ముళ్ళపంది సూదయ్య, కప్ప బురదమ్మ, కోతి గంతులయ్య. ఐదుగురూ కలిసి ఫోన్లలో ఒకటే ఆట ఆడేవారు. దాని పేరు 'ఊరు కడదాం'. ఆ ఊళ్ళో ఒక్కొక్కరికి ఒక్కో స్థలం ఉంటుంది. ఎవరి స్థలంలో వాళ్ళు ఇల్లూ తోటా వేసుకోవచ్చు. ఊరి మధ్య గంట గోపురం మాత్రం అందరూ కలిసి కట్టాలి. దానికి రోజుకి ఒక్కొక్కరు ఒక బండెడు ఇటుకలు పంపాలి.

ఏటవతలి అడవి వాళ్ళు కూడా అదే ఆట ఆడుతున్నారు. మృగశిర కార్తె లోపు ఎవరు ముందు గంట మోగిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఓడిన ఊరి గేటు ముందు ఒక గాడిద బొమ్మ వెలుస్తుంది. ఏడాది దాకా దాన్ని తీయడానికి లేదు. ఈ సంగతి విని, అడవి అంచున మేసే గాడిద రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు పాపం.

ఆ ఊరికి పెద్ద మన ముంగిస దుడుకయ్య. వాడికి ఆ ఊరంటే ప్రాణం. అడవిలో వాడికి ఒక బొరియ తప్ప ఇంకేమీ లేదు. వాడి మాట వినేవాళ్ళూ లేరు. ఫోన్లో మాత్రం వాడో ఊరిపెద్ద. వీధి వీధికీ వాడే పేర్లు పెట్టాడు. అన్ని వీధులకీ తన పేరే పెట్టాడనుకోండి, అది వేరే సంగతి. అలాంటి ఊరి ముందు గాడిద బొమ్మ నిలబడుతుందంటే వాడికి అన్నం సహించేది కాదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు కప్ప బురదమ్మ గుట్ట మీదికి రాలేదు. మర్నాడూ రాలేదు. అలా వారం గడిచింది. గోపురానికి రోజుకి ఐదు బండ్లు రావాల్సింది నాలుగే వస్తున్నాయి.

"చూశారా, చూశారా! మనం ఒళ్ళు వంచి పనిచేస్తుంటే ఆవిడ హాయిగా ఇంట్లో కూర్చుంది!" అని దుడుకయ్య తోక నేలకేసి కొట్టాడు.

ఉడుత చారలమ్మ అంది: "అన్నా, బురదమ్మత్త మడుగు గుట్ట కిందే కదా! ఒక్కసారి దిగి, ఏమైందత్తా అని అడిగిరారాదూ?"

"ఏం, నాకింకేం పనిలేదా? అవసరం ఉంటే ఆవిడే వస్తుంది. ఊరిపెద్దని నేను. ఇంటింటికీ తిరగడానికి పాలవాణ్ణా?"

పోనీ తాను దిగి అడిగిరావచ్చు కదా అని చారలమ్మకీ తోచలేదు. ముళ్ళపంది సూదయ్య అసలు తలే ఎత్తలేదు. తన తోటకి కంచె వేసుకుంటున్నాడు మరి.

ఆ ఆటలో ఊరిపెద్దకి ఒక ఎర్ర బొత్తాం ఉండేది. ఎవరైనా గడువు దాటి రాకపోతే, పెద్ద ఆ బొత్తాం నొక్కొచ్చు. నొక్కితే వాళ్ళ పేరు పోతుంది, ఇల్లు కూలిపోతుంది, ఆ ఇటుకలన్నీ గోపురానికి వచ్చిపడతాయి. గడువు ఎన్నాళ్ళో కూడా పెద్దే పెట్టుకోవచ్చు. అప్పటికి గడువు ఏడు రోజులు.

దుడుకయ్య ఎర్ర బొత్తాం నొక్కాడు. ఢామ్మని బురదమ్మ ఇల్లు కూలింది. ఎన్ని బండ్ల ఇటుకలు వచ్చాయో తెలుసా? నలభై! గోపురం ఒక్కసారిగా సగం లేచి నిలబడింది.

"అబ్బబ్బబ్బ!" అని కోతి గంతులయ్య పల్టీలు కొట్టాడు. "మనిషి ఉంటే రోజుకి ఒక బండి. మనిషిని తీసేస్తే నలభై బండ్లు! ఒరే దుడుకూ, ఇన్నాళ్ళూ ఈ తెలివి ఎక్కడ దాచావురా?"

వాళ్ళు మనుషులు కారు కదా అంటారా? ఏదో మాటవరసకి అన్నాడులెండి. మీరు ఊఁ కొట్టండి.

ఆ మాట దుడుకయ్య చెవిలో తేనె పోసినట్టయింది. వాడు గడువు ఏడు రోజుల నుంచి మూడు రోజులకి దించాడు. దించి, ఎవరు రారా అని ఎదురుచూడడం మొదలుపెట్టాడు. చూశారా ఎంత చిత్రమో! మొన్నటిదాకా రాలేదని ఏడ్చినవాడు, ఇప్పుడు ఎవరైనా రాకపోతే బాగుణ్ణు అని మొక్కుకుంటున్నాడు.

వాడి మొక్కు ఫలించింది. సూదయ్య నాలుగు రోజులు రాలేదు. ఎందుకు రాలేదంటే, పడుకుని ఆడుతూ ఆడుతూ అటు దొర్లాడు. తన ముల్లే తన ఫోనుకి గుచ్చుకుంది. అద్దం పగిలి ఫోను నల్లబడింది. ముళ్ళున్నవాళ్ళు పడుకుని ఫోను చూడకూడదు. ముళ్ళు లేనివాళ్ళు కూడా చూడకూడదు, ఆ మూల దుప్పట్లో ఉన్న బాబుగారికే చెబుతున్నాను.

సూదయ్య ఆ పగిలిన ఫోను పట్టుకుని, ఎవరు బాగుచేస్తారా అని అడవంతా తిరుగుతున్నాడు. ఇక్కడ దుడుకయ్య బొత్తాం నొక్కనే నొక్కాడు. ఢామ్! సూదయ్య ఇల్లూ, కొత్త కంచే, అన్నీ పోయాయి. ఈసారి వచ్చింది ఆరంటే ఆరే బండ్లు.

"ఇదేమిట్రా? కప్ప ఇంటికి నలభై వచ్చాయి. ఇంత పెద్ద ముళ్ళపంది ఇంటికి ఆరేనా?" అన్నాడు గంతులయ్య.

"పిసినారి! ఇల్లు కూడా గట్టిగా కట్టుకోలేదు!" అని దుడుకయ్య తిట్టాడు. తిట్టి, గడువు ఒక్కరోజుకి దించాడు.

ఇంక మిగిలింది ముగ్గురు. అందరికీ భయం పట్టుకుంది. తెల్లారకుండానే గుట్ట ఎక్కేవారు. తుమ్మొచ్చినా ఫోను వదిలేవారు కాదు. ఆట ఆడుతున్నట్టు లేదు, కాపలా కాస్తున్నట్టుంది.

ఒకరోజు చారలమ్మ పిల్లలు ముగ్గురికీ ఒకేసారి జ్వరం వచ్చింది. ఒకదానికి కషాయం పడితే ఇంకొకటి కక్కుతోంది. పాపం ఆవిడ ఆరోజు గుట్ట ఎక్కలేదు. మర్నాడు పొద్దున్నే పరుగు పరుగున వచ్చేసరికి దుడుకయ్య వేలు బొత్తాం మీదే ఉంది.

"అన్నా, ఆగన్నా! పిల్లలకి జ్వరం అన్నా. ఒక్కరోజే కదా! ఆ రెండు బండ్లూ ఇప్పుడే పంపేస్తాను" అని చారలమ్మ రొప్పుతూ చేతులు జోడించింది.

దుడుకయ్యకి ఒక్క క్షణం మనసు పీకింది. నిజం చెప్పాలి కదా, పీకింది. కానీ గోపురం వంక చూశాడు. ఇంకో నాలుగు బండ్లు పడితే పూర్తయిపోతుంది.

"రూలు రూలే చెల్లీ. నేనేం చేసేది? రూలు అలా ఉంది" అన్నాడు.

"ఆ రూలు పెట్టింది నువ్వే కదన్నా!"

దుడుకయ్య బొత్తాం నొక్కాడు. ఢామ్! చారలమ్మ ఇల్లు కూలింది. సరిగ్గా నాలుగు బండ్లు వచ్చాయి. గోపురం పూర్తయింది.

చారలమ్మ ఏడవలేదు. "గోపురం ఎత్తుగా ఉంది. నీ మనసే మరీ పొట్టిగా ఉందన్నా" అని చెప్పి, గిరుక్కున తిరిగి దిగిపోయింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, అలా ఉంది ఆవిడ పరిస్థితి.

దుడుకయ్య, గంతులయ్య గోపురం చుట్టూ చూసుకుని మురిసిపోయారు. ఏటవతలి వాళ్ళ గోపురానికి ఇంకా పైకప్పే పడలేదు. మృగశిర రేపే. "గంట మోగిద్దాం రా!" అని దుడుకయ్య గంట బొమ్మ మీద నొక్కాడు. మోగలేదు. మళ్ళీ నొక్కాడు. మోగలేదు. మూడోసారి నొక్కితే తెర మీద అక్షరాలు వచ్చాయి:

'గంట తాడు ఐదుగురు ఒకేసారి లాగాలి. ఊళ్ళో ఉన్నది ఇద్దరు.'

దుడుకయ్య నోరు తెరిచాడు. ఆట మొదట్లోనే ఈ రూలు చూపిస్తుంది. కానీ వీళ్ళు 'సరే, సరే, సరే' అని నొక్కుకుంటూ పోయారు. మీరు చదువుతారేమిటి? నాకు తెలీదనుకోకండి.

గంతులయ్య మెల్లగా లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. "ఒరే దుడుకూ, నేను వస్తాను."

"ఎక్కడికిరా? రేపు రాకపోతే నిన్నూ తీసేస్తాను, జాగ్రత్త!"

"నువ్వు తీసేదేమిట్రా, నేనే పోతున్నా. నీతో ఆడుతుంటే గోక్కోవడానికి కూడా భయంగా ఉంది" అని గంతులయ్య తన పేరు తానే చెరిపేసుకుని చెట్టెక్కేశాడు.

ఇప్పుడు ఊరంతా దుడుకయ్యదే. ఐదు స్థలాలు, ఇరవై వీధులు, ఆకాశమంత గోపురం. వీధిలో పలకరించే పేరు ఒక్కటి లేదు. వాడు గుట్ట మీద కూర్చుని ఆ ఫోను వంకే చూశాడు. భోరున ఏడ్చాడు.

ఏడ్చి ఏడ్చి లేచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు గుట్ట దిగి మడుగు దగ్గరికి పోయాడు. ఎంత దూరమో తెలుసా? నలభై అడుగులు. కుంటుకుంటూ నడిచినా కథలో ఈ ముక్క చెప్పేలోపు వెళ్ళిపోవచ్చు.

మడుగు ఎండి నెర్రెలు విచ్చింది. దుడుకయ్య గోళ్ళతో మట్టి తట్టాడు. "అత్తా! బురదమ్మత్తా!"

చాలాసేపటికి మట్టిలోంచి రెండు కళ్ళు తెరుచుకున్నాయి. "వానొచ్చిందా?"

"రాలేదత్తా."

"మరి గంట మోగించేది ఇవాళేనా? పద పద" అని కప్ప పైకి రాబోయింది.

"గంట లాగడానికి నువ్వూ కావాలని నీకు ముందే తెలుసా అత్తా?"

"చీటీ రాసి ఆటలో మా ఇంటి తలుపుకి అంటించాను కదరా! ఎండాకాలం కప్పలం మట్టిలో పడుకుంటాం, లేకపోతే ఒళ్ళు ఎండి చస్తాం. నీకు చెప్పబోతే 'తర్వాత అత్తా' అన్నావు. అందుకే రాసిపెట్టాను, గంట లాగే రోజు లేపండి, ఐదుగురం కావాలి అని. నేను లేని నలభై రోజులకీ నలభై బండ్లు ముందే ఇంట్లో పేర్చాను, రోజుకొకటి తీసుకోండని. చదవలేదూ?"

దుడుకయ్య తల నేలకి వాలిపోయింది. ఆ నలభై బండ్లూ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఇల్లు కూల్చి తెచ్చినవి, ఆవిడ గోపురం కోసం దాచిపెట్టినవే.

"అత్తా, నేను నిన్ను తీసేశాను. సూదయ్య బాబాయినీ తీసేశాను. చెల్లెలు చేతులు జోడించినా వినకుండా తీసేశాను" అన్నాడు వెక్కుతూ.

పైకి రాబోయిన బురదమ్మ మళ్ళీ మట్టిలోకి జారింది. తర్వాత, "మట్టి కప్పి పో" అంది. అంతే.

తీసేసినవాళ్ళు నెల దాటేదాకా ఆటలోకి తిరిగి రాలేరు. అందుకని గంట మోగకుండానే మృగశిర దాటిపోయింది. ఏటవతలి నుంచి గంట గణగణా మోగింది. దుడుకయ్య ఊరి గేటు ముందు గాడిద బొమ్మ పళ్ళికిలించుకుని నిలబడింది.

నెల తిరిగింది, వానలు పడ్డాయి. బురదమ్మ లేచింది. సూదయ్యకి ఫోను బాగైంది. చారలమ్మ పిల్లలకి జ్వరం తగ్గింది. అందరూ గుట్ట మీద కొత్త ఊరు మొదలుపెట్టారు. దుడుకయ్య దూరంగా ఒక రాయి పక్కన నిలబడ్డాడు. దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదు.

"రా, ఇలా రా" అంది చారలమ్మ. "నా కోపం ఇంకా తగ్గలేదు. పండగ దాకా తగ్గదు కూడా. కానీ ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది, చేస్తావా?"

"ఏం ఉద్యోగం చెల్లీ?"

"ఈసారి పెద్ద బురదమ్మత్త. ఎవరైనా రాకపోతే వాళ్ళింటికి వెళ్ళి తలుపు తట్టే ఉద్యోగం నీది. అడక్కుండా ఎర్ర బొత్తాం నొక్కడానికి లేదు."

దుడుకయ్య ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఇరవై రోజులకి మొదటి పని తగిలింది. కోతి గంతులయ్య మూడు రోజులుగా రావడం లేదు. దుడుకయ్య వానలో తడుస్తూ పరిగెత్తాడు. 'అయ్యో, జ్వరమేమో! చెట్టు మీంచి పడ్డాడేమో! ఫోను పగిలిందేమో!' అని దారి పొడుగునా గొణుక్కున్నాడు. ఇంత కషాయం కూడా పట్టుకుపోయాడు.

పోయి చూస్తే గంతులయ్య కొమ్మ మీద కాళ్ళు ఊపుకుంటూ నేరేడు పళ్ళు తింటున్నాడు. నాలుక నల్లగా ఉంది.

"ఏమైందిరా గంతులూ? ఒంట్లో బాగాలేదా?"

"దిట్టంగా ఉన్నా."

"ఫోను పోయిందా?"

"ఇదిగో, జేబులోనే ఉంది."

కోతికి జేబెక్కడిదని అడగకండి.

"మరి రావడం లేదేం?"

గంతులయ్య తల గోక్కున్నాడు. "విసుగేసిందిరా. ఇటుకలు, ఇటుకలు, ఎప్పుడు చూసినా ఇటుకలు. చెబితే మీరు బాధపడతారని దాక్కున్నా. నన్ను తీసేయండిరా బాబూ. నా ఇల్లు చారలమ్మ పిల్లలకి ఇచ్చేయండి, ఆడుకుంటారు."

దుడుకయ్య గుట్టకి వచ్చి అందరికీ చెప్పాడు. "వెళ్ళి అడిగావు కదా, ఇక నువ్వే నొక్కు" అని బురదమ్మ తన ఫోను చేతికిచ్చింది. దుడుకయ్య వేలు బొత్తాం దాకా పోయింది, ఆగింది. మూడు ఇళ్ళు కూల్చిన వేలే అది. వాడి కళ్ళనిండా నీళ్ళు.

వాడి వెనకే ఒడినిండా పళ్ళతో వచ్చి, గుట్ట పక్క చెట్టెక్కి కూర్చున్న గంతులయ్య అరిచాడు: "నొక్కరా నాయనా! పళ్ళు అయిపోతున్నాయి, నువ్వూ రా తిందువుగాని!"

నీతి: రానివాడి పేరు కొట్టేసే ముందు వాడి తలుపు తట్టి ఎందుకు రాలేదో అడగాలి, పొమ్మనాల్సి వచ్చినా చెప్పి, స్నేహంగా పంపాలి.